గుత్త రైతు చనిపోతే కాగితం ఎవరి పేరున ఉంటుంది?

(గండికోట దగ్గర జరిగిన సంతాప సభలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ముప్పై ఏళ్లు నిండని పిల్లోడికి సంతాప సభ పెట్టుకోవాల్సి వచ్చింది. ఇంటివాళ్లు వద్దన్నారు కాబట్టి పేరు, ఊరు చెప్పడం లేదు. మీలో చాలామందికి తెలిసినోడే. సొంత భూమి ఎకరన్నర. గుత్తకు చేసింది దానికి ఎన్నో రెట్లు. నల్లరేగడిలో హింగారుకు శనగ వేసేవాడు. గుత్త డబ్బు ముందే కట్టాలి. విత్తనం, ఎరువు, ట్రాక్టరు బాడుగ అంతా ప్రోనోటు మీద తెచ్చిందే. విత్తాక వాన గట్టిగా పడితే మొలక కుళ్లుతుంది, మళ్లీ విత్తాలి. పదును ఆరిపోతే గింజ పట్టదు. ఎవరి ట్రాక్టరు ఆగినా పోయి చెయ్యి పెట్టేవాడు. తన అప్పు సంగతి మాత్రం ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

'తొందరపడ్డాడు' అని కొందరంటున్నారు. మేము ఆ మాట అనం. ప్రాణం పోవడానికి కారణం ఒక్కటే ఉండదు. అయితే అప్పు తెచ్చిందీ, నష్టపోయిందీ ఇతను, రైతుగా రికార్డులో ఉన్నది ఇంకొకరు. ఇది మాత్రం కళ్లకు కనిపించే కారణం.

మన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. దానికోసం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి. నీళ్లు అంత దగ్గర నిలిచినా, కాలువ పొలం దాకా రాని చోట సేద్యం ఇప్పటికీ వాన మీదే. ఆ నీళ్లు చూసే భూమి గుత్త మాత్రం పెరుగుతుంది!

ఇక కాగితాల సంగతి. 2011 చట్టం కింద గుత్త రైతుకు రుణ అర్హత కార్డు ఇచ్చేవాళ్లు, భూమి యజమాని సంతకం అవసరం లేకుండా. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో యజమాని సంతకం కావాలి, కార్డు 11 నెలలకే. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు గుత్త ఇవ్వడేమోనని ఇతని భయం. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు. పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు, అదీ భూమి పేరున్నవాళ్లకే. 2007 జాతీయ రైతు విధానం మాత్రం కౌలుదారును కూడా రైతు అనే అంటుంది.

చనిపోయిన రైతు కుటుంబానికి 2004లో 421 జీవో కింద లక్షన్నర ఇచ్చేవాళ్లు. 2015లో అది 5 లక్షలు, 2019లో 7 లక్షలు అయింది. కానీ ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న కమిటీ విచారించి రైతు అని తేల్చాలి. నోటిమాట గుత్త అక్కడే చిక్కుకుంటుంది. ఆ చెల్లెలు మైల తీరకముందే ప్రోనోట్ల నకళ్లు, విత్తనాల బిల్లులు వెతుక్కుంటోంది.

భూమి యజమానిని మేము కలిశాం. 'గుత్తకిచ్చిన మాట నిజం' అని రాసిస్తానన్నారు. ఇరుగుపొరుగు చేలవాళ్లు సాక్ష్యం చెప్పడానికి రావాలి, పేర్లు ఈరోజే ఇవ్వండి. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం నివేదిక నకళ్లు మన కార్యకర్తలు తెస్తారు. అప్పులవాళ్లు ఆ గడప తొక్కే ముందు సంఘంతో మాట్లాడాలి. ఇంకా ఎవరైనా లోపల కుమిలిపోతుంటే మాతో చెప్పండి, లేదా 14416కు ఫోన్ చేయండి, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. సోమవారం పొద్దున ఆర్డీఓ ఆఫీసుకు పోతున్నాం, ఆ చెల్లెలితో పాటు ఇద్దరు ఆడవాళ్లు కూడా రావాలి.