కొత్త కాపురం లాంటి దేశం

(పొదుపు సంఘాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



పొద్దంతా చేన్లో పని చేసి వచ్చారు. రొట్టెలు కాల్చి పెట్టి వచ్చినవాళ్ళు కొందరు. ఇంటికి పోయి కాల్చాల్సినవాళ్ళు కొందరు. అందుకని మాట ఎక్కువసేపు సాగదు.

ఈరోజు మాట దేశం గురించి. దేశం అంటే పెద్ద మాట అని భయపడొద్దు. కొత్త కాపురం ఎట్లుంటుందో అందరికీ తెలుసు. వేరు పడిన కొత్తలో ఇంట్లో ఏముంటుంది? రెండు గిన్నెలు, ఒక చాప, ఒక కుండ. నెత్తి మీద పెళ్ళి అప్పు. ఆ ఇంటిని నిలబెట్టాలంటే ఎంత తెలివి కావాలి!

1947 ఆగస్టు 15న మన దేశం అట్లాంటి కొత్త కాపురమే. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు. ఇంట్లో గింజలు లేవు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1943లో, బెంగాల్లో కరువు వచ్చి లక్షల మంది చచ్చిపోయారు. అప్పట్లో మనిషి సగటు ఆయుష్షు 32 ఏళ్ళు. 1951 జనాభా లెక్కల్లో నూరు మంది ఆడవాళ్ళలో తొమ్మిది మందికే చదవడం, రాయడం వచ్చు. మిగతా 91 మందీ వేలిముద్రే.

అట్లాంటి దేశం ఒక పెద్ద సాహసం చేసింది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన ప్రతి మనిషికీ ఓటు ఇచ్చింది. ఆడ, మగ తేడా లేదు. చదువు ఉందా, భూమి ఉందా అని అడగలేదు. స్విట్జర్లాండు అని ఒక దేశం ఉంది. చాలా డబ్బున్న దేశం. అక్కడి ఆడవాళ్ళకు దేశ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో! మన అవ్వలు అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఓటు వేశారు.

ఆ మొదటి ఎన్నికలు 1951–52లో జరిగాయి. నడిపించింది సుకుమార్ సేన్ అనే అధికారి. జనానికి చదువు లేదు కదా, ఎట్లా? గుర్తులు పెట్టారు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించారు. నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో కాగితం వేసి రావడమే.

అంతా బాగానే ఉంది. ఒకచోట మాత్రం చిక్కు వచ్చింది. ఓటర్ల పేర్లు రాసుకోవడానికి మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. అమ్మా, నీ పేరేంటి అని అడిగారు. కొందరు ఆడవాళ్ళు పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యను అన్నారు. ఫలానా పిల్లవాడి తల్లిని అన్నారు. పరాయి మగవాడికి పేరు చెప్పకూడదని వాళ్ళ ఇళ్ళల్లో కట్టుబాటు. రాసేవాళ్ళు కూడా అట్లాగే రాసుకుపోయారు. సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు. ఓటు మనిషిది, మనిషికి పేరు ఉండాలి, పేరు చెప్పించండి అన్నారు. అప్పటికీ చెప్పనివాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసేశారు. అట్లా తీసేసినవి ఎన్నో తెలుసా? సుమారు 28 లక్షలు! ఎక్కువ మంది ఉత్తరాది రాష్ట్రాల వాళ్ళు.

ఆ అమ్మలకు జరిగింది అన్యాయమే. కాదని ఎవరూ అనలేరు. ఓటు పోయింది మరి. కానీ ఇంకో వైపు కూడా చూడండి. ఆరోజు ‘ఫలానా ఆయన భార్య’ అని రాసేసుకుని ఉంటే, ఆ తర్వాత పట్టాలో, బ్యాంకు పుస్తకంలో కూడా అట్లాగే రాసేవాళ్ళు. గట్టిగా ఉన్నందువల్ల 1957 ఎన్నికల నాటికి చాలావరకు పేర్లు ఎక్కాయి. పలక మీద మొదట పేరు రాయడం ఎందుకు నేర్పుతారని ఈ మధ్య ఒక చెల్లెలు అడిగింది. ఇందుకే.

ఇప్పుడు మన నది దగ్గరికి వద్దాం.

మంత్రాలయంలో తుంగభద్ర చూడనివాళ్ళు ఎవరున్నారు? మఠానికి వచ్చే జనం దాంట్లో స్నానం చేస్తారు. 2009 అక్టోబరులో అదే నది ఊరిని ముంచేసింది. కానీ ఆ నీళ్ళు చాలాకాలం మన చేన్లకు ఎక్కేవి కావు. పక్కనే నది పారుతుంటే పొలాలు ఎండేవి. పైన హోస్పేట దగ్గర ఆనకట్ట కట్టాలని ఎన్నో ఏళ్ళు మాటలే నడిచాయి. ఒక గట్టు నిజాం రాజుది, ఇంకో గట్టు మద్రాసు ప్రభుత్వానిది. ఇద్దరికీ పొత్తు కుదరాలి కదా. చివరికి 1945లో పునాది వేశారు. 1953 నాటికి నీళ్ళు నిలిపారు. రాతి కట్టడం అది. సున్నం, ఇటుక పొడి, ఇసుక కలిపి కట్టిన గోడ.

ఆ నీళ్ళే దిగువ కాలువలో బళ్ళారి మీదుగా మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు వస్తాయి. జొన్న, కొర్ర తప్ప తెలియని ఊళ్ళల్లో వరి పండింది.

అయితే దీనికి ఎవరు ధర కట్టారో కూడా చెప్పుకోవాలి. ఆనకట్ట వెనక 90 దాకా ఊళ్ళు మునిగిపోయాయి. 50 వేలకు పైగా జనం ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి లేచిపోయారు. వాళ్ళ పొలాలు మునిగితేనే మనకు నీళ్ళు వచ్చాయి. పండగనాడు మెతుకు నోట్లో పెట్టుకునేటప్పుడు వాళ్ళను ఒకసారి తలుచుకోవాలి.

ఇంకో సంగతి. కాలువ చివర ఉన్న ఊళ్ళకు నీళ్ళు సరిగా రావు. అది మీకు చెప్పాలా? పైవాళ్ళు తూములు తిప్పుకుంటారు. కట్టలు తెగుతాయి. పూడిక నిండుతుంది. అసలు ఆనకట్టలోనే పూడిక చేరింది. కట్టిన కొత్తలో ఐదు కుండల నీళ్ళు పడితే ఇప్పుడు నాలుగు కుండలే పడుతున్నాయి అనుకోండి. అంత తగ్గింది. నీళ్ళు లేని ఏడు మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల నుంచి ఎన్ని కుటుంబాలు సుగ్గికి పోతాయి! గుంటూరు మిరప కోతలకు, బెంగుళూరు కట్టడాల పనికి. ఇంటికి తాళం, ముసలమ్మకు కాపలా. బడి మానుకున్న పిల్ల చంకలో తమ్ముడిని ఎత్తుకుని వెనకాలే పోతుంది.

2024 ఆగస్టు 10 రాత్రి ఆ ఆనకట్టకు ఇంకో ఆపద వచ్చింది. 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. నీళ్ళు సుడులు తిరుగుతూ కిందికి పోతున్నాయి. రైతుల గుండెలు ఆగిపోయాయి. అప్పుడు కన్నయ్య నాయుడు అనే గేట్ల నిపుణుడిని పిలిపించారు. ఉద్యోగం నుంచి ఎప్పుడో రిటైరైన పెద్దాయన. నీళ్ళు పారుతుండగానే ఇనుప పలకలు ఒక్కొక్కటే దించి, వారం రోజుల్లో ఆ సందు మూయించారు. ఆయనకు అందరూ దండలు వేశారు. వేయాల్సిందే. కానీ గొలుసు తెగకముందు దానికి గ్రీజు పెట్టి, తుప్పు చూసుకునే మనిషికి ఎవరూ దండ వేయరు. మన ఇళ్ళల్లో కూడా అంతే కదా! బాన పగిలితే అందరూ పరిగెత్తుకొస్తారు. రోజూ దాన్ని తోమి నీళ్ళు నింపే మనిషి ఎవరికీ కనబడదు.

సరే, మనుషుల గురించి చెప్పుకుందాం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మన కర్నూలే రాజధాని. ఆఫీసులు పెట్టడానికి కట్టడాలు చాల్లేదు. గుడారాలు వేసి పని నడిపారు. డేరాల్లో కూర్చుని రాష్ట్రాన్ని ఏలారంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ భవనం వచ్చినాక పని మొదలుపెడదామని వాళ్ళు కూర్చోలేదు.

ఆ కర్నూలు పక్కనే పెద్దపాడు అనే ఊరు. 1921లో అక్కడ ఒక దళిత కుటుంబంలో సంజీవయ్య పుట్టాడు. పసికందుగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. ఇంటికి సెంటు భూమి లేదు. నేత పని, కూలి పని. అన్న కూలి చేసి తమ్ముడిని బడికి పంపాడు. ఆ పిల్లవాడు కర్నూల్లో, అనంతపురంలో, మద్రాసులో చదివి ప్లీడరయ్యాడు. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. అప్పటికి నలభై ఏళ్ళు కూడా నిండలేదు. దేశం మొత్తంలో దళితుల నుంచి ముఖ్యమంత్రి అయిన మొదటి మనిషి దామోదరం సంజీవయ్య గారే.

ముసలివాళ్ళకు పింఛను ఆయన కాలంలోనే మొదలైంది. దాని మీద ఒక ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన ఊరికి పోయి తల్లి చేతిలో కొంత డబ్బు పెట్టాడట. ఆమె సంతోషపడి ఊరుకోలేదు. నాకు నువ్వున్నావు నాయనా, కొడుకు లేని ముసలమ్మల గతేంటి అని అడిగిందట. ఆ మాట కొడుకు మనసులో నాటుకుందట. ముచ్చట సంగతి ఎట్లా ఉన్నా, పింఛను మాత్రం నిజం. ఎమ్మిగనూరు దగ్గర గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది కదా. దానికి సంజీవయ్య సాగర్ అని ఆయన పేరే పెట్టారు. ఆ గట్టు మీద నడిచినప్పుడు ఆ కూలి చేసిన అన్నను కూడా తలుచుకోండి. ఆయన పేరు ఏ గట్టుకూ లేదు.

ఎమ్మిగనూరు అంటే మగ్గాలు గుర్తొస్తాయి. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ నేతగాళ్ళ సహకార సంఘం పెట్టారు. విడివిడిగా ఉంటే నేతగాడు నూలు అప్పుకు తెచ్చుకోవాలి. అప్పిచ్చినవాడు చెప్పిన ధరకే బట్ట ఇవ్వాలి. సంఘమైతే నూలు ఒకేసారి కొంటుంది, బట్ట ఒకేసారి అమ్ముతుంది. ఎమ్మిగనూరు దుప్పట్లు ఎక్కడెక్కడికో పోయాయి. సోమప్ప గారికి పద్మశ్రీ వచ్చింది. తర్వాత తర్వాత ఆ వైభవం తగ్గింది. మన పొదుపు సంఘాలు కూడా అదే దారిలో పుట్టినవే.

మనకంటే చిన్న దేశం ఒకటి ఉంది. బంగ్లాదేశ్. 1971లో యుద్ధంలోంచి పుట్టింది. అంతకు ముందు ఏడే పెద్ద తుఫాను. 1974లో కరువు. అందరూ ఈ దేశం బతకదన్నారు. అక్కడ పసిపిల్లలు వాంతులు, విరేచనాలతో రాలిపోయేవాళ్ళు. డాక్టర్లు లేరు. సెలైన్ కొనే డబ్బు లేదు.

అక్కడ బ్రాక్ అనే సంస్థ ఉంది. 1980 నుంచి పదేళ్ళ పాటు దాని ఆడ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. మూడు వేళ్ళతో పట్టినంత ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు. ఇంతే పాఠం. తల్లి చేత కలిపించేవాళ్ళు. రుచి చూపించేవాళ్ళు. కోటి ఇళ్ళకు పైగా తిరిగారు! జీతం ఎట్లా ఇచ్చారో వినండి. కొన్నాళ్ళకు ఇంకొకరు పోయి ఆ తల్లులను అడిగేవాళ్ళు. తల్లికి ఎంత గుర్తుంటే నేర్పినామెకు అంత జీతం. ఎన్ని ఇళ్ళు తిరిగావని కాదు. మొదట్లో తల్లులు నేర్చుకున్నారు గానీ వాడలేదు. ఎందుకని చూస్తే, మగవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళకు కోపం వచ్చింది. అప్పుడు మగవాళ్ళకూ మీటింగులు పెట్టారు. తప్పు జరిగిందని తెలిశాక దిద్దుకున్నారు.

ఇప్పుడు మనకు ఆశా అక్క దగ్గర ఓఆర్‌ఎస్ పొట్లం దొరుకుతుంది. ఒక పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి. ఇంట్లో అందాజుగా ఉప్పు ఎక్కువ వేస్తే బిడ్డకు ప్రమాదం. అది మరవొద్దు.

1993లో పంచాయతీ చట్టం మారింది. మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు వచ్చాయి. తర్వాత మన రాష్ట్రంలో సగం చేశారు. చాలా ఊళ్ళల్లో సర్పంచి ఆడమనిషే. మరి కుర్చీలో కూర్చునేది ఎవరు? నవ్వుతున్నారంటే తెలుసన్నమాట. ‘సర్పంచి గారి భర్త’ అని పిలిపించుకునే మగవాళ్ళు తయారయ్యారు. అప్పట్లో ఆడమనిషి ఫలానా ఆయన భార్య. ఇప్పుడు ఆయన ఫలానా ఆమె భర్త. మాట తిరగబడింది గానీ పెత్తనం తిరగబడలేదు. తీర్మానం పుస్తకం ఇంటికి వస్తుంది. ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. ఇక్కడ సంతకం పెట్టు అంటారు. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని పెడుతుంది. ఆ పేజీలో కాలువ పూడిక తీశామని రాసి ఉందో, పిల్లల బడికి గది కట్టామని రాసి ఉందో ఆమెకు తెలియదు. రేపు విచారణ వస్తే పేరు మాత్రం ఆమెదే.

మన సంఘాల్లో కూడా ఈ జబ్బు లేదనుకోవద్దు. లీడరు చదువుతుంది, మిగతా పది మంది తల ఊపుతారు.

సరే, దీపం వెలుగు బాగానే ఉంది. సంఘం పుస్తకం ఇటు ఇవ్వండి. పోయిన నెల లెక్క ఎవరు చదువుతారు? లీడరక్క కాదు. వెనక వరసలో ఆ గోడకు ఆనుకుని కూర్చున్న చెల్లెలు రావాలి. తొందర లేదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువమ్మా. అందరం వింటాం.