మూడో హెచ్చరిక

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నన్ను ఇంజనీరింగ్ గురించి మాట్లాడమన్నారు. అది పిల్లలకు ఫోనే చెబుతుంది. నేను కథల గురించి మాట్లాడతాను. ముప్పై ఏళ్లు కాలవలూ కరకట్టల మధ్య తిరిగినవాడికి కథలతో పనేమిటని అనుకోకండి. పని పడింది. అదే చెబుతాను.

మన ఊరే ఒక కథలో ఉంది. రాళ్ల మీద పచ్చగా ఎర్రగా చారలు కనిపిస్తే అవి ఉత్త రాళ్లు అనం, సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న చోటు అంటాం. సెలవుల్లో యాత్రికులకు దారి చూపించి మేం పావలా, అర్ధరూపాయి సంపాదించేవాళ్లం. వాళ్లు ముందుగా అడిగేది "లక్ష్మణుడు గీసిన గీత ఎక్కడ బాబూ?" అని. మా జట్టులో ఒకడు రోజుకో చోట చూపించేవాడు. వాడిప్పుడు వెనక వరసలోనే ఉన్నాడు, నవ్వుతున్నాడు.

వాల్మీకి రామాయణంలో ఆ గీత లేదని పెద్దయ్యాక తెలిసింది. గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణంలో అయితే ఒకటి కాదు, ఏడు గీతలు. నాకు మోసపోయినట్టు అనిపించలేదు. వినేవాళ్లకు ఒక హద్దు కావాలి. దాటొద్దని ఒకరు చెప్పాకే, దాటినప్పుడు గుండె జల్లుమంటుంది. (పంచవటి మాదేనని నాసిక్ వాళ్లు అంటారు. అననివ్వండి, ఆ చివర వాళ్లు తాగేదీ గోదారి నీళ్లే.)

అమ్మమ్మలు చెప్పిన కథల్లోనూ ఇదే తంతు. మూడు దిక్కులకు వెళ్లు నాయనా, నాలుగో దిక్కుకు మాత్రం వెళ్లకు అంటారు. రాకుమారుడు నాలుగో దిక్కుకే వెళ్తాడు. వెళ్లకపోతే కథ ఎక్కడిది?

బడికి వచ్చే చందమామ ఒక్కటే. అట్ట ఊడి, మధ్య కాగితాలు జారిపోయేదాకా చేతులు మారేది. పాత సంచికలు మా తాతయ్య ట్రంకుపెట్టెలో ఉండేవి. శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం అందులోనే చదివాను. అడవులు, లోయలు, మాంత్రికులు. అడవి మాకు ఊహ కాదు, బడి వెనకే ఉంది. మాంత్రికుడే తక్కువ. చిత్రా బొమ్మలు చూసి మాంత్రికుడి గడ్డం కూడా పెట్టుకున్నాం, కొబ్బరి పీచుతో. రాసినాయన పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం అని ఉద్యోగంలో చేరాక తెలిసింది. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి వరసగా ధారావాహికలు రాశారు. యాభై ఏళ్లు దాటి ఆ పత్రికలోనే పనిచేసి, 2010లో పోయారు. తెలుగు పిల్లలు ఇన్ని తరాలు ఆయన అడవుల్లో తిరిగారు, ఆయనెవరో తెలియకుండానే.

యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు అని ఇద్దరు స్నేహితులు. మా ఆటలో అందరికీ ఖడ్గవర్మ వేషమే కావాలి. ఆగి, ఆలోచించి చెప్పే జీవదత్తుడి వేషానికి చీటీలు వేసుకోవాల్సి వచ్చేది.

ఇప్పుడు నా పని సంగతి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కథల్లో లాగే మూడు. ఇక్కడే చిక్కు. కథలో మొదటి రెండుసార్లూ ఏమీ కాదు, అసలు సంగతి మూడోసారి జరుగుతుంది. జనం కూడా అలాగే వింటారు. మొదటిది వచ్చిందా, ఇంకా రెండున్నాయిలే అంటారు. మూడోది వచ్చేసరికి వాగులు ఎదురుతన్ని దారులు మునిగి ఉంటాయి.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీళ్లు 75.6 అడుగులకు వచ్చాయి. నాకు పదిహేడేళ్లు. "నేను చూడని గోదారా?" అని మా తాతయ్య గడపలో మంచం వేసుకుని కూర్చున్నాడు. ఈ మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊరంతా వెళ్లిపోయినా తాతయ్య గోదారికి ఎదురుగా కూర్చున్నాడని, గోదారే వెనక్కి తగ్గిందని. హాస్టల్లో స్నేహితులకు నేనూ అలాగే చెప్పాను. నా పిల్లలకూ అలాగే చెప్పాను. బాగుండేది కథ.

జరిగింది వేరు. నాటుపడవ వేసుకుని ఒక కోయ పెద్దాయన రెండుసార్లు వచ్చి పిలిచాడు. రెండుసార్లూ తాతయ్య కసిరి పంపేశాడు. మూడోసారి చీకటి పడ్డాక వచ్చాడు. అప్పటికి మేమంతా పెంకుల మీద ఉన్నాం. ట్రంకుపెట్టె పోయింది, గేదెలు పోయాయి. మేం మిగిలాం. ఆ పెద్దాయన పేరు తాతయ్యకు తెలుసు, నాన్నకు తెలుసు. నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

నేను చెప్పిన కథలో పడవ లేదు. పడవ ఉంటే తాతయ్య తగ్గిపోతాడు కదా. హెచ్చరిక వినకుండా గెలిచినవాడి కథ మనకు దొరుకుతుంది. వినకుండా మునిగిపోయినవాడు తిరిగొచ్చి కథ చెప్పడు.

2022 జూలైలో మళ్లీ వచ్చింది. మూడో హెచ్చరిక దాటి ఇంకా పెరుగుతోంది. 71.3 దాకా వెళ్తుందని అప్పటికి తెలియదు గానీ, పై నుంచి వదులుతున్న నీళ్ల లెక్క నా చేతిలో ఉంది. హైదరాబాద్ నుంచి అమ్మకు ఫోన్ చేశాను.

"బయల్దేరమ్మా."

"ఎందుకురా. నారచీరల దగ్గర సీతమ్మ విగ్రహం ఏటా మునుగుతుంది, ఏటా తేలుతుంది. మీ తాత కదిలాడా?"

లెక్కలన్నీ చెప్పాను. వినలేదు. నేను ముప్పై ఏళ్లు చెప్పిన కథే నాకు ఎదురు తిరిగింది. చివరికి అన్నాను: "కదిలాడమ్మా. మూడోసారి పడవ వస్తే ఏడ్చుకుంటూ ఎక్కాడు. నేను చూశాను."

అటు చాలాసేపు మాట లేదు. లైను పోయిందనుకున్నాను.

"నాకు తెలీదట్రా," అంది అమ్మ. "పెంకుల మీంచి దిగుతుంటే ఆయన పంచె చూరుకు చిక్కుకుంది. విడిపించింది నేనే."

కాసేపాగి, "ట్రాక్టరు ఎన్నింటికి వస్తుంది?" అని అడిగింది.