బ్యాటరీ ఎందుకు కొన్నాడు?

 

స్నాతకోత్సవానికి పిలిచినవాళ్లు సాధారణంగా పెద్ద కలలు కనమని చెప్పి వెళ్తారు. జీవితమంతా ట్రయల్ కోర్టుల వరండాల్లో గడిపిన మనిషిని నేను. కేసుల గురించి తప్ప మరోటి మాట్లాడటం నాకు రాదు. అందుకని ఒకే ఒక్క కేసు గురించి మాట్లాడతాను. అది రాజీవ్ గాంధీ హత్య కేసు. మీలో దాదాపు ఎవరూ అప్పటికి పుట్టలేదు. మీ తల్లిదండ్రుల్లో చాలామందికి ఆ రాత్రి ఎక్కడున్నారో గుర్తుండే ఉంటుంది.

1991 మే 21 సాయంత్రం రాజీవ్ మన విశాఖపట్నంలోనే ఉన్నారు. ఎన్నికల ప్రచారం ముగించుకుని మద్రాసు వెళ్లాలి. విమానంలో సమాచార వ్యవస్థ మొరాయించింది. ఇక ఈ రాత్రికి ప్రయాణం లేదనుకుని సర్క్యూట్ హౌస్‌కు బయల్దేరారు. ఇంతలో బాగైందని కబురొస్తే వెనక్కి తిరిగి విమానం ఎక్కారు. రాత్రి పది దాటాక శ్రీపెరుంబుదూరు సభ దగ్గర, దండ వేసి పాదాలకు నమస్కరించబోయినట్టు వంగిన ఒక యువతి నడుముకు కట్టుకున్న బాంబును పేల్చింది. ఆయనా పోయారు, ఆమే పోయింది, చుట్టూ ఉన్న పోలీసులు, కార్యకర్తలు పోయారు.

తెల్లారేసరికి ఎవరు చంపారో ఎవరికీ తెలియదు. ఎందుకు చంపారో మాత్రం అందరికీ తెలిసిపోయింది! రాజకీయ హత్య జరిగినప్పుడల్లా జరిగే విచిత్రమే ఇది. మామూలు హత్య కేసులో పోలీసులు మనిషిని పట్టుకున్నాక కారణం వెతుకుతారు. ఇక్కడ జనం కారణాన్ని ముందే ఖాయం చేసుకుని, దానికి సరిపోయే మనిషి కోసం చూస్తారు. ఆ కారణం కూడా ఎక్కడినుంచో ఊడిపడదు. ఎవరి పాత పగ వాళ్లకు అందిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం కార్యాలయాల మీద, నాయకుల ఇళ్ల మీద, ఆస్తుల మీద మూకలు పడ్డాయి. శ్రీపెరుంబుదూరు బాంబుకూ తెలుగుదేశానికీ సంబంధం ఏమిటని అడిగిన నాథుడు లేడు. ఎన్నికల్లో ఎదుటి పక్షం కావడమే చాలిన రుజువైంది. తమిళనాడులో ఆ కోపం డీఎంకే మీదికి మళ్లింది. అక్కడ కారణం ఇంకా నున్నగా కుదిరింది. అదే ఏడాది జనవరి 30న, కాంగ్రెస్ ఒత్తిడితో కేంద్రంలోని చంద్రశేఖర్ ప్రభుత్వం డీఎంకే ముఖ్యమంత్రి కరుణానిధిని గద్దె దింపింది కదా, ఆ కక్షే అన్నారు. హత్య జరిగి నెల తిరక్కుండా వచ్చిన శాసనసభ ఎన్నికల్లో డీఎంకే ఒంటి చేతి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సీట్లకు పడిపోయింది. ఢిల్లీలో మరికొందరు సీఐఏ అన్నారు, మొసాద్ అన్నారు, తాంత్రికుడు చంద్రస్వామి అన్నారు. ఈ పేర్లన్నీ తర్వాత హత్య వెనక కుట్రను విచారించిన జైన్ కమిషన్ గడప తొక్కినవే.

శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈ పేరూ తొలి రోజుల్లోనే వినబడింది. అది నిజమని తేలింది. ఇక్కడ నన్ను అపార్థం చేసుకోకండి. జనం ఊహ ప్రతిసారీ తప్పవుతుందని నేను అనడం లేదు. పది మంది పది పేర్లు చెబితే ఒకటి తగులుతుంది. తగిలినంత మాత్రాన అది సాక్ష్యం కాదు.

మరి సాక్ష్యం ఎక్కడ దొరికింది? చనిపోయిన ఫొటోగ్రాఫర్ ఒంటి మీద. అతని పేరు హరిబాబు. కుట్రదారులే అతన్ని ఫొటోలు తీయడానికి తీసుకొచ్చారని దర్యాప్తులో తేలింది. పేలుడుకు మనిషి పోయాడు, కెమెరా మిగిలింది. అందులోని రీలు కడిగితే, చేతిలో గంధపు దండ పట్టుకుని నిలబడ్డ కళ్లద్దాల యువతి కనబడింది. కాస్త పక్కన, విలేకరిలా నోటు పుస్తకంతో నిలబడ్డ, కుట్రను నడిపించిన శివరాసన్ కనబడ్డాడు. ఆ గంధపు దండ మద్రాసులోని పూంపుహార్ దుకాణంలో కొన్నదని హరిబాబు సామాన్లలో దొరికిన బిల్లు చెప్పింది. దేశమంతా అంతర్జాతీయ కుట్రల గురించి మాట్లాడుకుంటుంటే, కేసు ఒక చేతివృత్తుల దుకాణం రసీదు మీద నడిచింది. డి.ఆర్. కార్తికేయన్ నాయకత్వంలోని ప్రత్యేక దర్యాప్తు బృందం అలాంటి కాగితం ముక్కల్నే పేర్చుకుంటూ పోయింది. ఏడాది తిరిగే నాటికి 41 మంది మీద అభియోగపత్రం వేసింది. వాళ్లలో 12 మంది అప్పటికే చనిపోయారు. ముగ్గురు పరారీలో ఉన్నారు. బోనెక్కింది 26 మంది.

ఆ చనిపోయిన పన్నెండు మందిని గుర్తుపెట్టుకోండి. బాంబు పేల్చిన యువతి ధను శ్రీపెరుంబుదూరులోనే పోయింది. శివరాసన్, అతని సహచరి శుభ 1991 ఆగస్టు 20న బెంగళూరు శివార్లలోని కోననకుంటె ఇంట్లో కమాండోలు చుట్టుముట్టాక ప్రాణాలు తీసుకున్నారు. అంటే ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు సొంత నోటితో జవాబు చెప్పగలిగినవాళ్లు విచారణ మొదలయ్యేలోపే వెళ్లిపోయారు. ఎల్టీటీఈ అధినేత ప్రభాకరన్ దొరకలేదు. 2002లో కిలినొచ్చిలో విలేకరులు ఈ హత్య గురించి అడిగితే, అదొక విషాద ఘటన అని చెప్పి దాటేశాడు.

రాజీవ్ శ్రీలంకకు పంపిన భారత శాంతి పరిరక్షక దళం మీద ఎల్టీటీఈకి ఉన్న పగ, రాజీవ్ మళ్లీ ప్రధాని అయితే ఆ దళం తిరిగొస్తుందేమోనన్న భయం కోర్టు రికార్డులో ఉన్నాయి. అది సంస్థకు సంబంధించిన కారణం. మరి ధను అనే మనిషి కారణం? శాంతి దళం సైనికులు ఆమె మీద అత్యాచారం చేశారనీ, అన్నదమ్ముల్ని చంపారనీ ముప్పై ఏళ్లకు పైగా చెప్పుకుంటున్నారు. ఆమెను బోనులో నిలబెట్టి అడిగినవాళ్లు లేరు. అయినా ఆ కథ ఆగదు. ఒక ఆడమనిషి నడుముకు బాంబు కట్టుకుందంటే, సొంత గాయం ఏదో ఉండి తీరాలని మన మనసు పట్టుబడుతుంది. అదే పని మగవాడు చేస్తే సిద్ధాంతం అంటాం. ఇందులో ధను గురించి తెలిసేది తక్కువ, మన గురించి తెలిసేది ఎక్కువ.

ఇక లా విద్యార్థులుగా మీకు ఆసక్తి కలిగించే చోటికి వస్తాను. 1998 జనవరి 28న ఉగ్రవాద నిరోధక చట్టమైన టాడా కింద పూందమల్లిలో ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 26 మందికి 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు ఏడుగురిని మాత్రమే హత్య కుట్రలో దోషులుగా నిలిపింది. నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం. మిగతా 19 మంది చిన్న చిన్న నేరాలకు పడిన శిక్ష అప్పటికే అనుభవించేశారు కనుక బయటికొచ్చారు. హంతకుల్ని ఎరిగి ఉండటం, వాళ్లకు నీడనివ్వడం వేరు, హత్య చేద్దామని వాళ్లతో ఒప్పందానికి రావడం వేరు. ఆ తేడా తేలడానికి ఆ 19 మంది పదిహేను నెలలు ఉరితాడు కింద కూర్చున్నారు.

అదే తీర్పులో ఇంకో మాట ఉంది. ఒక మాజీ ప్రధానిని ఆత్మాహుతి బాంబుతో చంపడం టాడా చట్టం కింద ఉగ్రవాద చర్య కాదని కోర్టు తేల్చింది. బయట వింటే మతిపోయే మాట. కానీ ఆ చట్టం అడిగింది ఉద్దేశాన్ని. ప్రభుత్వాన్ని భయపెట్టాలనో, ప్రజల్లో భయోత్పాతం పుట్టించాలనో కుట్రదారులు అనుకున్నట్టు రుజువు కావాలి. కోర్టు ముందున్న సాక్ష్యం ఒక వ్యక్తిని చంపాలన్నంత వరకే వచ్చి ఆగింది. ఎంత ఘోరం జరిగిందన్నది ఒక లెక్క, ఏం చేద్దామని చేశారన్నది మరో లెక్క. ఆ తీర్పు రాసిన న్యాయమూర్తుల మీద జనాగ్రహం తక్కువేమీ లేదు. అయినా రెండు లెక్కల్నీ కలపలేదు.

అయితే అదే కేసులో ఇంకోచోట కలిసిపోయాయి.

ఉరిశిక్ష నిలిచిన ఆ నలుగురిలో ఒకడైన పేరారివాలన్‌కు అరెస్టు నాటికి వయసు 19. మీలో చాలామందికంటే చిన్నవాడు. అతను రెండు 9 వోల్టుల బ్యాటరీలు కొని శివరాసన్‌కు ఇచ్చాడు. ధను నడుముకున్న బాంబును పేల్చింది ఆ బ్యాటరీలేనని ప్రాసిక్యూషన్ వాదించింది. టాడా కింద ఎస్పీ స్థాయి అధికారి రాసుకున్న నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లేది. మామూలు చట్టంలో పోలీసు ముందు ఒప్పుకుంటే చెల్లదని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ వాంగ్మూలంలో బ్యాటరీలు కొన్న సంగతి ఉంది. అతని మీద ఉరిశిక్షకు అది పెద్ద ఆధారమైంది.

2013లో, ఆ వాంగ్మూలం రాసుకున్న సీబీఐ అధికారి వి. త్యాగరాజన్, అప్పటికి పదవీ విరమణ చేసినవాడు, నోరు విప్పాడు. బ్యాటరీలు దేనికి అడిగారో తనకు తెలియదని పేరారివాలన్ ఆనాడే చెప్పాడట. ఆ వాక్యాన్ని అధికారి కాగితం మీద పెట్టలేదట. తర్వాత సుప్రీంకోర్టులో ప్రమాణపత్రం కూడా వేశాడు. అందులో మరో సంగతి ఎత్తిచూపాడు. 1991 మే 7న శివరాసన్ జాఫ్నాకు పంపిన వైర్‌లెస్ సందేశంలో, తమ ఉద్దేశం తమ ముగ్గురికి తప్ప మరెవరికీ తెలియదని ఉంది. ముగ్గురంటే శివరాసన్, శుభ, ధను.

ఒక్కసారి ఆ గదిని ఊహించుకోండి. అధికారి ఎదురుగా పందొమ్మిదేళ్ల కుర్రాడు. బయట దేశమంతా ఉడికిపోతోంది. ఈ కుర్రాడు ఎల్టీటీఈ అభిమాని, దాంట్లో దాపరికం లేదు. అభిమాని అయినవాడు బ్యాటరీ కొన్నాడంటే తెలిసే కొని ఉంటాడని ఎవరికైనా తోస్తుంది. అలా తోచాక, ‘నాకు తెలియదు’ అన్న వాక్యం కేసుకు పనికిరాని చెత్తలా కనబడుతుంది. ఆ అధికారి దుర్మార్గుడని నేను అనను. దుర్మార్గుడైతే ఇరవై రెండేళ్ల తర్వాత వచ్చి చెప్పేవాడు కాదు. కారణం ముందే తెలుసనుకున్న మనిషి చెవికి కొన్ని మాటలు సోకవు, అంతే. పేరారివాలన్ ఉరిశిక్ష 2014లో యావజ్జీవంగా మారింది. 2022 మే 18న విడుదలయ్యాడు. అది నిర్దోషి అని ఇచ్చిన తీర్పు కాదు. క్షమాభిక్ష విషయంలో గవర్నరు చేసిన జాప్యం మీద ఇచ్చిన ఉత్తర్వు. బ్యాటరీ ప్రశ్నకు చట్టం ఆ రోజు కూడా జవాబు చెప్పలేదు.

జనం ఊహలకు ఢిల్లీలో పడిన మూల్యం వేరే రకం. 1997 నవంబరులో జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక బయటికి పొక్కింది. డీఎంకే ప్రభుత్వం ఎల్టీటీఈని చూసీచూడనట్టు వదిలేసిందన్నది అందులోని సారం. డీఎంకే మంత్రుల్ని తొలగించమని కాంగ్రెస్ పట్టుబట్టింది. ప్రధాని గుజ్రాల్ కుదరదన్నారు. నెలాఖరుకు ప్రభుత్వం పడిపోయింది, దేశం ఎన్నికలకు వెళ్లింది. 2004లో అదే కాంగ్రెస్, అదే డీఎంకే ఒకే కూటమిలో కలిసి పోటీ చేసి, ఒకే మంత్రివర్గంలో కూర్చున్నాయి. దీనిమీద నేను వ్యాఖ్యానించను, నవ్వుకోవడం మీ ఇష్టం.

కారణం ఖాయంగా తెలిసిన కేసుల్లో ఈ పీడ ఉండదనుకునేరు. 2022 జులై 8న జపాన్‌లోని నారా నగరంలో మాజీ ప్రధాని షింజో అబేను కాల్చి చంపిన యమగామి అక్కడికక్కడే దొరికాడు. కారణం తనే చెప్పాడు. యూనిఫికేషన్ చర్చికి తన తల్లి కోట్ల యెన్‌లు కానుకలిచ్చి కుటుంబాన్ని దివాలా తీయించిందనీ, అబేకు ఆ చర్చితో సంబంధాలున్నాయని నమ్మాననీ అన్నాడు. ఆ చర్చి వసూళ్లలో నిజమున్నట్టు తేలింది. చట్టాలు మారాయి. 2025 మార్చిలో టోక్యో కోర్టు చర్చి రద్దుకు ఆదేశించింది. అంతవరకూ బాగానే ఉంది. అప్పుడు మొదలైంది రెండో జబ్బు. జైల్లో ఉన్న అతనికి జనం కానుకలు, డబ్బు పంపారు, శిక్ష తగ్గించమని సంతకాలు సేకరించారు. శ్రీపెరుంబుదూరు తర్వాత అనుమానించిన కారణమే మనుషుల్ని దోషుల్ని చేసింది. నారాలో రుజువైన కారణం హంతకుణ్ణి సగం అమాయకుణ్ణి చేయబోయింది. శిక్ష వేసేటప్పుడు కారణాన్ని తూకం వెయ్యాల్సిందే, నేనూ ఎన్నోసార్లు వేయమని అడిగాను. కానీ ఆ తూకం నేరం తేలాక వచ్చేది.

మళ్లీ మన కేసుకు వస్తే, 2008లో రాజీవ్ కూతురు ప్రియాంక గాంధీ వేలూరు జైలుకు వెళ్లి, ఈ కేసులో శిక్ష అనుభవిస్తున్న నళినిని కలిశారు. నాన్నను ఎందుకు చంపారని ఆమె తనను అడిగారని నళిని తర్వాత రాసుకుంది. ఈ ప్రశ్న అడిగే హక్కు ఆమెకుంది. తండ్రిని పోగొట్టుకున్న మనిషి కోర్టు తీర్పులు చదివి ఊరుకోదు. మనకు, టీవీ ముందు కూర్చున్నవాళ్లకు, ఆ ప్రశ్న మీద అంత తొందర దేనికో ఆలోచించండి.

రేపటినుంచి మీలో కొందరు లీగల్ ఎయిడ్ తరఫున జైలుకు వెళ్తారు. ఊరంతా అసహ్యించుకునే ముద్దాయి ఒకరోజు మీ ఎదురుగా కూర్చుంటాడు. అప్పటికే టీవీలో అతని కులం, మతం, పుస్తకాల గూడు, పాత ప్రేమకథ అన్నీ తిప్పి తిప్పి చూపించి ఉంటారు. ఎందుకు చేశావయ్యా అని అడగాలని నాలుక మీదికి వస్తుంది. అడక్కండి. పోలీసులు ఎప్పుడు తీసుకెళ్లారు, ఏ రోజు మేజిస్ట్రేటు ముందు పెట్టారు, ఏ కాగితాల మీద సంతకం చేశావు, సంతకానికి ముందు చదివి వినిపించారా, నువ్వు చెప్పి వాళ్లు రాయనిది ఏమైనా ఉందా అని అడగండి. ఈ చివరి ప్రశ్నకు జవాబు వచ్చేదాకా కలం మూయకండి.