కోసిన అంచు

హుస్సేనీ ఆలం ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల నుంచి ఈ రోజు పట్టాలు అందుకుంటున్న విద్యార్థినులారా, పండుగలాంటి రోజున పురీషనాళ క్యాన్సర్ మాట ఎత్తడం కొందరికి ఎబ్బెట్టుగా ఉండవచ్చు. కానీ రక్తం పడుతున్నా మొలలే కదా అనుకుని, సిగ్గుపడి దాచుకునే ఇళ్లలోనే ఈ జబ్బు ముదురుతుంది. ఆపరేషన్ అయ్యాక అదే చోట గడ్డ మళ్లీ లేస్తే, తలరాత ఇంతేనని సరిపెట్టుకుంటాం. చాలా సందర్భాల్లో అది తలరాత కాదని సాక్ష్యాలతో చెప్పడానికే ఈ కాసేపు తీసుకుంటున్నాను.

ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్‌లో పనిచేసిన సర్జన్ బిల్ హీల్డ్ 1982లో ఒక మాట అన్నారు: పురీషనాళాన్ని చుట్టి ఉండే కొవ్వు పొరలో క్యాన్సర్ కణాలు మిగిలిపోవడం వల్లే జబ్బు తిరగబెడుతోంది, కాబట్టి ఆ పొరను చేత్తో గుంజకుండా, కళ్లతో చూస్తూ, చిరగనీయకుండా మొత్తంగా తీయాలి. 1986లో లీడ్స్ పాథాలజిస్టు ఫిల్ క్విర్క్, ఆయన సహచరులు 52 మంది నుంచి తీసిన భాగాలను అడ్డంగా ముక్కలు కోసి పక్క అంచులు పరీక్షించారు. 14 మందిలో క్యాన్సర్ సర్జన్ కోసిన అంచుదాకా పాకింది. ఆ 14 మందిలో 12 మందికి అదే చోట తిరగబెట్టింది. 52 చిన్న సంఖ్యేనన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే 2001లో వెలువడిన డచ్ అధ్యయనంలో 1861 మంది ఉన్నారు. హీల్డ్ పద్ధతిలో ఆపరేషన్ చేస్తే రెండేళ్లలో అదే చోట తిరగబెట్టినది 8.2 శాతం మందికి. ముందుగా రేడియేషన్ కూడా ఇస్తే 2.4 శాతం మందికే. పాత పద్ధతి ఆపరేషన్ల కాలపు స్వీడన్ అధ్యయనంలో, రేడియేషన్ లేనివారిలో అయిదేళ్లకు 27 శాతం. గడువులు వేరు కాబట్టి ఈ అంకెల్లో ఒకదాంట్లోంచి ఒకటి తీసివేయకూడదు. అయినా సర్జన్ చేతిపని ఎంత తేడా తెస్తుందో తెలుస్తూనే ఉంది.

రేడియేషన్ ఉండగా కత్తి నైపుణ్యం గురించి ఇంత పట్టింపు ఎందుకని అడుగుతారు. అంచులో మిగిలిపోయిన క్యాన్సర్‌కు తర్వాత ఇచ్చే రేడియేషన్ పూర్తి విరుగుడు కాలేదని అదే డచ్ అధ్యయనం చూపింది. కొన్ని గడ్డలు ఎంత బాగా చేసినా తిరగబెడతాయన్నది కాదనలేని నిజం. గడ్డ కటి గోడకు అతుక్కున్నాక ఆసుపత్రికి వచ్చేవాళ్లూ ఉన్నారు. అందుకే ఆపరేషన్‌కు ముందే ఎమ్మారై తీసి, అవసరమైతే గడ్డను కుదించాకే కత్తి పట్టాలి.

ఇది డాక్టర్ల వ్యవహారం, మాకెందుకు అనకండి. రెడ్ హిల్స్‌లోని ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి రోగి వెంట వెళ్లి, ఫైలు పట్టుకుని, రిపోర్టు చదవాల్సింది ఇంట్లో చదువుకున్న పిల్లే. పాథాలజీ రిపోర్టులో అంచు గురించి ఏం రాశారని అడగడం అమర్యాద కాదు. మంచి సర్జన్ ఆ ప్రశ్న తనకు తానే వేసుకుంటారు. తిరగబెట్టిన జబ్బు ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడుతుంది. డిశ్చార్జి అయ్యాక పరీక్షలకు వెళ్లాల్సిన తేదీలు రాసిపెట్టి, నొప్పి లేదు కదా అని మానుకోబోయే నాన్ననో అమ్మనో వెంటబెట్టుకు వెళ్లండి.