చిన్న కళాశాలల ఎంపిక

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పిల్లల విదేశీ విద్యను గురించి మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినపుడు, నాకంటె అర్హులు పలువురు కలరని చెప్పితిని. “మీరు దెబ్బతిన్నవారు గదా, మీరే చెప్పవలెను” అని వారు నవ్వుచు బదులు పలికిరి. ఆ మాట నిజము. కనుక నేడు పండితునివలె గాక, దెబ్బతిన్న తండ్రివలె మీ యెదుట నిలిచితిని.

నేను బి.ఏ. చదివినవాడను. మా రోజులలో ఇంటర్మీడియెటులో లెక్కలు విడిచి చరిత్ర తీసుకొన్న కుర్రవానిని చూచి బంధువులు జాలిపడెడివారు. మా పెద్దమ్మాయికి కూడ నా పిచ్చియే పట్టినది. చరిత్రను, జీవశాస్త్రమును కలిపి చదువవలెనని ఆమె కోరిక. ఆ కోరికయే మమ్ములను అమెరికాలోని చిన్న లిబరల్ ఆర్ట్స్ కళాశాలల వైపు నడిపించినది.

ఆర్ట్స్ అన్నంత మాత్రమున అవి సైన్సు లేని చోట్లని తలంపరాదు. భౌతికశాస్త్రము మొదలు సంగీతము వరకు అన్నియు అచట కలవు. స్వార్త్‌మోర్ కళాశాలలో ఇంజనీరింగు పట్టము కూడ కలదు. చదువు నాలుగేండ్లు. ప్రధాన విషయమును సాధారణముగా రెండవ సంవత్సరాంతమున నిర్ణయించుకొందురు. పేరుపొందిన వానిలో పెక్కింటియందు విద్యార్థుల సంఖ్య రెండువేలకు అటునిటుగా నుండును. తరగతులలో చాలవరకు ఇరువదిమందికి లోపు. పాఠము చెప్పువారు పరిశోధక విద్యార్థులు గారు, ఆచార్యులే.

ఈ సంప్రదాయము మనకు బొత్తిగా క్రొత్తది గాదు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలను 1885లో నెలకొల్పినవారు అమెరికా లూథరన్ మిషనరీలే. ఆ లూథరన్లే తమ దేశములో 1832లో గెటిస్‌బర్గ్ కళాశాలను స్థాపించియుండిరి. ఊరికి దగ్గరగా ఒక చిన్న కళాశాల, విద్యార్థిని పేరుపెట్టి పిలుచు అధ్యాపకుడు: మనలో పెద్దవారు కొందరు అట్టి చదువే చదివినారు.

ఇక పోల్చుట యెట్లు? పరీక్షలో వచ్చిన ర్యాంకును ఇంటిపేరువలె చెప్పుకొను అలవాటు మనది. కనుక మొదట ర్యాంకుల పట్టికనే తెరచితిమి. దానివలన మాకు తెలిసినది స్వల్పము. పైవరుసలో ప్రక్కప్రక్కన నున్న కళాశాలలు చదువు చెప్పు తీరులో ఒకదానికొకటి పోలిక లేనివి. 1821లో స్థాపితమైన ఆంహర్‌స్ట్‌లో మొదటి సంవత్సరపు ఒక సెమినారు, ఎంచుకొన్న ప్రధాన విషయము తప్ప నిర్బంధ పాఠ్యము లేదు. 1793 నాటి విలియమ్స్‌లో ట్యుటోరియల్ అను పద్ధతి కలదు. ఇద్దరు విద్యార్థులు ఒక ఆచార్యుని యెదుట కూర్చుందురు. ఒకరు వ్యాసము చదువుదురు, రెండవవారు దానిని విమర్శింతురు. తరువాతి వారము పాత్రలు మారును. స్వార్త్‌మోర్‌లో 1922 నుండి ఆనర్సు విధానము నడచుచున్నది. అందు చేరినవారిని పరీక్షించువారు బయటినుండి వచ్చు పండితులు. మీ బిడ్డ మౌనియా, వాదప్రియయా, తన దారి తాను వెదకుకొనునదియా, దారి చూపవలసినదియా? ఈ ప్రశ్నకు ఏ పట్టికయు సమాధానమీయలేదు.

స్థలము కూడ గమనింపవలెను. ఐయోవాలోని గ్రిన్నెల్ మొక్కజొన్న పొలముల నడుమ నున్న చిన్న ఊరు. విలియమ్స్ కొండల మధ్య నున్నది. స్వార్త్‌మోర్ నుండి ఫిలడెల్ఫియాకు రైలు కలదు. ఢిల్లీ రద్దీలో పెరిగిన బిడ్డకు ఆ నిశ్శబ్దము వరమో, శిక్షయో ముందే యోచింపవలెను.

అంకెలు కావలసినవారు కామన్ డేటా సెట్ అను పత్రమును చూడవలెను. చాల కళాశాలలు దీనిని ఏటేట ఒకే నమూనాలో ప్రకటించును. సి భాగమున ప్రవేశముల వివరములు, ఐ భాగమున తరగతుల పరిమాణము, హెచ్ భాగమున ఆర్థిక సహాయము నుండును. విదేశీ విద్యార్థులలో ఎందరికి సహాయము లభించినదో, సగటున ఎంతయో ఆ హెచ్ భాగముననే తెలియును. దస్త్రములు చదువుట వృత్తిగా గలవారము, ఆ పుట చదువకుండుట తగునా?

దరఖాస్తుకు కామన్ అప్లికేషన్ అను ఒకే పత్రము పెక్కు కళాశాలలకు చెల్లును. దానిద్వారా ఇరువది కళాశాలల వరకు పంపవచ్చును. మార్కులతోబాటు స్వీయవ్యాసము, ఉపాధ్యాయుల లేఖలు కావలెను. “నడవడి బాగుగా నున్నది” అను మన బడుల సర్టిఫికెట్టు అచట అక్కరకు రాదు. ఆ బిడ్డ తరగతిలో ఏమి ప్రశ్నించినదో వ్రాయగల ఉపాధ్యాయుని ముందుగనే వేడుకొనవలెను. ఎర్లీ డెసిషన్ అను మార్గమున నవంబరులోనే దరఖాస్తు చేయవచ్చును. కాని సీటు వచ్చినచో అచటనే చేరుదునని విద్యార్థి, తల్లి లేక తండ్రి, పాఠశాలవారు సంతకము చేయవలెను. ఇచ్చిన సహాయము చాలనిచో మాత్రమే విడుదల కోరవచ్చును. తక్కినవారికి గడువు సాధారణముగా జనవరి మొదటి దినములు.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను. 2023 చలికాలమున మా అమ్మాయి దరఖాస్తు నింపునపుడు, ఆర్థిక సహాయము కోరుచున్నారా అను గడి వచ్చినది. చాలచోట్ల విదేశీ విద్యార్థి సహాయము కోరినచో ప్రవేశావకాశము తగ్గునని వింటిని. అది అబద్ధము గాదు. అందుచేత “లేదు” అని వ్రాయుమంటిని. తరువాత అడుగవచ్చును గదా అని నా ఊహ. సీటు వచ్చినది. ఇంట పండుగ జరిగినది. ఐ-20 పత్రము కొరకు మొదటి సంవత్సరపు సొమ్మునకు రుజువు కోరిరి: ఎనుబదివేల డాలర్లకు పైగా, మన లెక్కలో అరువదియైదు లక్షలకు పైమాట. సహాయమునకై వ్రాసితిమి. ప్రవేశమునకు ముందు కోరనివారికి ఇచ్చు నియమము లేదని మర్యాదగా బదులు వచ్చినది. దాచినదంతయు, ఊరిలోని ఎకరము మెట్టయు కలిపినను రెండవ ఏటికి చాలదు. సీటు వదలుకొంటిమి.

కార్యాలయమున ఆర్థికశాఖ సమ్మతి లేని ప్రతిపాదనను నేను ముందుకు పంపను. ఇంటిలో నా బిడ్డ భవిష్యత్తును మాత్రము అట్లే పంపితిని.

కొన్ని కళాశాలలు విదేశీయుల విషయమున కూడ చెల్లింపు శక్తిని చూడకయే ప్రవేశమిచ్చి, నిర్ధారితమైన అవసరమును పూర్తిగా తీర్చును. ఆంహర్‌స్ట్ 2008లో, బోడిన్ 2022లో ఈ విధానమును విదేశీయులకు విస్తరింపజేసినవి. వానిలో పోటీ మిక్కుటము. కనుక వానితోబాటు, సహాయము లేకున్నను మనము భరింపగల చోటు ఒకటి జాబితాలో నుండి తీరవలెను. 2014లో ఆరంభమైన సోనీపత్ అశోకా విశ్వవిద్యాలయము, 2018లో మన శ్రీసిటీలో వెలసిన క్రియా విశ్వవిద్యాలయము ఇట్టి చదువునే మన దేశమున చెప్పుచున్నవి. వాని రుసుము తక్కువ గాదు, కాని అచట కూడ సహాయమునకు దారి కలదు.

మా అమ్మాయి నేడు ఢిల్లీలోనే బి.ఏ. చదువుచున్నది. నన్ను నిందింపలేదు. ఒక్కనాడు మాత్రము, “మన దగ్గర ఎంతున్నదో నాకెందుకు చెప్పలేదు నాన్నా?” అని అడిగినది. నాకు జవాబు తోచలేదు. బిడ్డ మనసు చిన్నబోవునని దాచితిననుకొంటిని. నిజమునకు దాచినది నా పరువు కొరకు.

ఈ ఏడు మా అబ్బాయి వంతు వచ్చినది. మొదటి సాయంకాలమే జీతపు చీటీ, బ్యాంకు పుస్తకము బల్లమీద పెట్టితిని. అక్కయే ప్రక్కన కూర్చుండి వానికి లెక్క చెప్పినది. కళాశాలల జాబితా ఆ తరువాతనే తెరచితిమి. మీరును ఆ వరుసనే పాటింతురుగాక.