కానరాని పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

గ్రంథాలయపు బీరువాలో నాటకము చౌకగా దొరకును. చందాదారుడు సంతకము చేసి ఇంటికి గొనిపోవును. చదివి, గడువులోపల తిరిగి తెచ్చి యిచ్చును. అదే నాటకము రంగస్థలము నెక్కవలెనన్న పదిమంది మనుష్యులు కావలెను. ఆ పదిమందికి పొలములు కలవు, అంగళ్లు కలవు, ఉద్యోగములు కలవు, సాకవలసిన బిడ్డలు కలరు. పగలు పనిచేసి రాత్రి వేషము కట్టు ఇట్టివారితో ఒక సమాజమును కూర్చుట ఎట్లు? రేపటికి చేత రూకలు నిలుచునో నిలువవో తెలియని దశలో దానిని నిలుపుకొనుట ఎట్లు? ఇది నేటి ప్రసంగ విషయము. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. నూరేండ్లకు పైబడిన ప్రశ్న.

ఈ మూడు పట్టణములకు అన్నము పెట్టునది కృష్ణ కాలువ. రాకపోకలు కలిపినది రైలు. విజయవాడ నుండి మద్రాసునకు 1899లో మార్గమేర్పడగా తెనాలి, బాపట్లలు ఒకే దారమున గ్రుచ్చబడినవి. 1916లో గుంటూరు నుండి రేపల్లెకు రైలు పడగా తెనాలి నాలుగు దిక్కుల కూడలి యయ్యెను. బాపట్ల నటుడు సాయంకాలమునకు తెనాలి చేరి, రాత్రి వేషము కట్టి, తెల్లవారిన పిదప ఇంటికి పోగలిగెను. ఊరూర దొరకని పాత్రధారులను ఊరూర నుండి కూర్చుకొను సౌకర్యము ఇట్లు కలిగెను.

ఇక సొమ్ము సంగతి. కుప్పనూర్పులు ముగిసి ధాన్యము అమ్ముడుపోయిన పిదపనే చేతులలో డబ్బాడును. అందువలన సంక్రాంతి మొదలు శివరాత్రి, శ్రీరామనవమి వరకు నాటకముల కాలము. కాలువకు నీరు సరిగా రాని యేడు, పంట చేతికందువేళ గాలివాన కొట్టిన యేడు, చందాల పుస్తకమునకు పని యుండదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల ప్రాంతములను సైతము కడగండ్లపాలు చేసెను. అట్టి యేడు నాటకమునకు చందా అడుగుటకు నోరెవరికి వచ్చును? సమాజమును కూర్చువాడు పంటకు ముందే పాత్రలు పంచవలెను. సొమ్ము పంటకు పిదప గాని రాదు. చిక్కంతయు ఈ నడిమి కాలముననే యున్నది.

పాత్రలు కూర్చుటలోని కష్టమునకు బాపట్లయే గొప్ప నిదర్శనమును చూపినది. 1920లో అచ్చట హరిశ్చంద్ర నాటకమాడవలసిన రాత్రి చంద్రమతి వేషధారి రాలేదు. ఆ కొరత తీర్చుటకు ఒక యువకుడు చీరకట్టి రంగమెక్కెను. ఆయనయే 1902లో బాపట్లలో జన్మించిన స్థానం నరసింహారావు గారు. పిదప తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి సత్యభామగా, చింతామణిగా, రోషనారగా, మధురవాణిగా ఆంధ్రదేశమును మురిపించిరి. 1956లో పద్మశ్రీ బిరుదము నందిరి. ఆ కాలపు తెనాలి రంగస్థలమున మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు గారల వంటి మహానటులు వెలసిరి. సుబ్బారావు గారు వైద్యులు. నాడి చూచిన చేతితోనే రంగు పూసికొనుట నాటి సమాజములలో వింత కాదు.

చంద్రమతి కథ విన్నవారెల్లరు రంగమెక్కినవానిని తలచి సంతోషింతురు. తలచవలసినదే. కాని గ్రామ సమాజములను నడుపువారు రానివానిని గూర్చియు ఒక్క నిమిషము ఆలోచింపవలెను. ప్రతి సమాజమునకు ఒకనాడు ఎవడో ఒకడు రాడు. వానిని మాట తప్పినవాడందురు, గర్వి యందురు. వాని ఇంటిలో ఆ పూట పొయ్యి రాజినదా లేదా అని అడుగువారు అరుదు.

సురభి వారికి ఈ బాధ తక్కువ. 1885లో కడప మండలమున కీచకవధతో ఆరంభమైన ఆ నాటక కుటుంబములలో తాత, తండ్రి, కోడలు, మనుమడు అందరును నటులే. వారికి నాటకమే వృత్తి. పాత్రధారులు ఇంటనే పుట్టుదురు. ఆ సురభి స్థాపకులైన వనారస గోవిందరావు గారి ప్రోద్బలముననే 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు అవతరించుట ఈ ప్రాంతమునకు గర్వకారణము. కాని వృత్తి వేరుగా నుండి నాటకమును ప్రేమించు ఔత్సాహికులకు సురభి మార్గము సాధ్యము కాదు. వారి ఇల్లు వేరు, సమాజము వేరు.

మధ్యకాలమున కంట్రాక్టు నాటకములు వచ్చినవి. కంట్రాక్టరు పేరుగల నటులకు బయానా లిచ్చి, తలకొక రైలులో రప్పించి, ఒక్క రాత్రికి ఒకచోట చేర్చును. కలసి అభ్యాసము లేదు. ఒకే నాటకమున ఇద్దరు ముగ్గురు కృష్ణులు. ఎవరి పద్యము వారిది, ఎవరి వన్స్‌మోరు వారిది. జనము విరగబడిన మాట నిజము. ఉత్తమ గాత్రములు వినబడిన మాటయు నిజము. అయినను తెల్లవారిన పిదప ఊరికి మిగిలినదేమి? పందిరి గుంజలు. ఊరి కుర్రవానికి ఒక్క పాత్రయు రాలేదు. మరుసటి యేడు కంట్రాక్టరు రానిచో నాటకమే లేదు. అరువు తెచ్చిన గొప్పతనము ఒక్క రాత్రి వెలుగును, నిలువ యుండదు.

ఈ చిక్కు తెలుగువారికే వచ్చినదని తలపవలదు. ఇంగ్లండున రగ్బీ యను ఆట కలదు. కోడిగ్రుడ్డు వంటి బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట. ఉత్తర మండలములలో దాని నాడినవారు బొగ్గుగని పనివారు, మిల్లు కార్మికులు. పొరుగూరికి ఆటకు పోవలెనన్న శనివారపు కూలి పోవును. పోయిన కూలి యిప్పింపుడని ఉత్తరమువారు 1893లో కోరగా పెద్దలు నిరాకరించిరి. ఆట ఆనందమునకే గాని సొమ్మునకు గాదనిరి. ఆ మాట చెప్పినవారిలో పెక్కురు ఆదాయము గలవారు. 1895 ఆగస్టు 29న ఉత్తరపు సంఘములు హడర్స్‌ఫీల్డు పట్టణమున జార్జి హోటలులో సమావేశమై వేరుపడినవి. పోయిన దినమునకు 6 షిల్లింగుల వరకు ఇయ్యవచ్చునని కట్టడి చేసికొనినవి. రగ్బీ లీగు అను ఆట పుట్టుక ఇదియే. 1906లో జట్టునకు 15 మందిని 13 మందికి తగ్గించిరి. ఆట చురుకై చూపరులు పెరుగవలెనని వారి ఆశయము.

నేటికిని అచ్చట ప్రధానముగా పై శ్రేణి జట్లకే పూర్తి జీతగాండ్రు కలరు. క్రింది శ్రేణులలో ఆటగాండ్రు పెక్కురు పగలు వేరొక పని చేసికొని సాయంకాలము అభ్యాసమునకు వత్తురు. ద్వారము కడ వసూలెంతయో, టెలివిజను సొమ్ములో తమ వంతెంతయో తేలకమునుపే రాబోవు యేటికి జట్టును కూర్చుకొనవలెను. సముద్రముల కావలి సంఘమునకును, కాలువగట్టు నాటక సమాజమునకును లెక్క ఒక్కటే.

ఆ లెక్కను కాగితముపై వేసి చూతము. ఒక గ్రామ సమాజమున 12 మంది కలరనుకొందము. అభ్యాసములు రాత్రులందే జరిగినను, ప్రదర్శన దినమొకటి, నిదుర లేని మరునాడొకటి, తలకు 2 పనిదినములు పోవును. వెరసి 24 పనిదినములు. దినమునకు 500 రూపాయల వంతున వేసిన 12,000 రూపాయలు. తెరలకు, దుస్తులకు, దీపములకు, మైకునకు, హార్మణీ విద్వాంసునకు ఇచ్చినది ఖర్చులో నెక్కును. ఈ పన్నెండు వేలు ఏ పద్దునను కానరావు. కానరాకున్నను ఎవరో ఒకరు చెల్లించుచునే యున్నారు. భూమి గలవాని పొలము పాలేరు చూచుకొనును. వానికి నష్టము లేదు. కూలివాని భాగమును వాని ఇల్లాలు చెల్లించుచున్నది. మూడేండ్లు ఇట్లే జరిగినచో సమాజమున ఎవరు మిగులుదురు? గొంతు గలవాడు పోయి భూమి గలవాడు మిగులును. అపుడు ఊరిలో నటులు లేరని పెద్దలు వాపోవుదురు.

కావున సమాజములను నడుపువారు కొన్ని నియమములను పాటింపవలెను. మొదటిది: నాటకము నెన్నుకొనుటకు ముందు చేతిలోని సొమ్ము నెన్నవలెను. వాగ్దానము చందా కాదు. పెట్టెలో పడినదే చందా. సొమ్ము తక్కువైన యేడు ఇరువది పాత్రల పౌరాణికము మాని, అయిదారు పాత్రల నాటికను చేపట్టుట అవమానము కాదు. రెండవది: ముఖ్య పాత్రలన్నింటికి రెండవవానిని సిద్ధపరుపవలెను. రెండవవాడు పద్యములు నేర్చియుండినచో మొదటివాని జ్వరము నాటకమునకు జ్వరము కాదు. మూడవది: పొరుగూరి నుండి పిలిపించిన నటీమణికి, హార్మణీ విద్వాంసునకు ఒప్పుకొన్న సొమ్ము తెర లేవకముందే ముట్టజెప్పవలెను. వసూలు తగ్గినదను మాట వారితో చెప్పదగదు. అది పిలిచినవారి నష్టము గాని వచ్చినవారిది కాదు. నాల్గవది: మిగిలిన యేటి సొమ్ములో కొంత, మిగులని యేటికై నిలువచేయవలెను.

అయిదవది అన్నింటికంటె ముఖ్యము. పోయిన పనిదినమునకు ప్రతి పాత్రధారికి, అడుగకమునుపే, సమానముగా ఇయ్యవలెను. కలవాడు, లేనివాడు అను విచక్షణ వలదు. లేనివానికే ఇచ్చినచో అది భిక్షయగును. అభిమానవంతుడు పుచ్చుకొనడు, మరి రాడు. అందరకు ఇచ్చినచో అది న్యాయమగును. అక్కరలేనివారు పుచ్చుకొని, సంతకము చేసి, మరల విరాళముగా ఇయ్యవచ్చును. అపుడు ఖర్చున ఖర్చు, జమలో విరాళము రెండును కనబడును. త్యాగము చేసినవాని పేరు నిలుచును. చేయలేనివాని పరువు నిలుచును.

సొమ్ము చేరినచో కళాభిమానము చెడునని కొందరి భయము. స్థానము వారు నాటకమునే జీవనముగా జేసికొనిరి. పుచ్చుకొన్న సొమ్ము సత్యభామ సొగసును రవ్వంతయు తగ్గింపలేదు. చెడునది సొమ్ము వలన కాదు, దాపరికము వలన. ఎవరికెంత ముట్టినదో తెలియనిచోట అనుమానము పుట్టును. అనుమానము పుట్టినచోట శ్రుతి కలియదు.

తుదకు ఒక మనవి. గ్రంథాలయము ఊరందరి చావడి. గ్రామ నాటక సమాజపు జమాఖర్చు పుస్తకమును ఈ గ్రంథాలయపు బల్లపై, వార్తాపత్రికల ప్రక్కన, ఏడాది పొడవునా తెరచి యుంచవలెను. చదువ వచ్చిన ప్రతివాడు చదువవచ్చును, రానివానికి చదివి వినిపింపవచ్చును. అందు దీపముల ఖర్చు ప్రక్కన పోయిన పనిదినముల ఖర్చును వ్రాయబడిన నాడు, వేషధారి రాలేదను మాట ఈ ఊర అరుదగును.

స్వస్తి.