నీటికాసులకు చిన్నకోత వైద్యం



ఇంట్లో పెద్దవాళ్ళు "చూపు మసకేస్తోందమ్మా" అంటే "శుక్లం వచ్చింటుంది, కాస్త ముదరనీ" అనేస్తాం. శుక్లమైతే తీసేసి లెన్సు పెడతారు, చూపు తిరిగి వస్తుంది. నీటికాసులైతే, అదే డాక్టర్లు గ్లాకోమా అనే జబ్బయితే, పోయిన చూపు మళ్ళీ రాదు. సాధారణంగా నొప్పి ఉండదు, ముందు పక్కచూపు తగ్గుతుంది, అందుకే తెలియదు. 1996-2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన సర్వేలో ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదని తేలింది.

కాఫీ ఫిల్టరు చిల్లులు పూడుకుపోతే డికాషన్ దిగదు కదా! కంట్లో కూడా ఎప్పుడూ ఊరే నీరు బయటికి పోవడానికి జల్లెడలాంటి దారి ఉంది. అది పూడుకుంటే నీటి ఒత్తిడి పెరిగి కంటినరం దెబ్బతింటుంది. ఒత్తిడి మామూలుగా ఉన్నా కొందరికి నరం పాడవుతుంది. అందుకే నరాన్నీ చూపించుకోవాలి.

మొదటి వైద్యం చుక్కలమందు, లేదా లేజరు. చాలకపోతే ఆపరేషన్. 1968 నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో కంటిగోడకే కొత్త దారి చేస్తారు. జబ్బు ముదిరినవాళ్ళకు నేటికీ అదే ఎక్కువ ఆధారం. ఇటీవలి చిన్నకోత పద్ధతుల్లో నల్లగుడ్డు అంచున రెండు మిల్లీమీటర్ల సందులోంచి వెళ్ళి లోపలి జల్లెడనే తెరుస్తారు. కొందరికి ఒక మిల్లీమీటరు పొడవుండే టైటానియం గొట్టం పెడతారు. ఇలాంటిదానికి అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. గొట్టం ఖరీదెక్కువ. ఖర్చు తగ్గేలా, సన్నని దారంతోనో వంచిన సూదితోనో ఆ జల్లెడను తెరిచే పద్ధతులూ మన దేశంలో ఉన్నాయి.

వీటితో త్వరగా కోలుకుంటారు. కానీ ఇవి జబ్బు తొలి, నడిమి దశల్లోవాళ్ళకే ఎక్కువగా పనికొస్తాయి. కొన్నాళ్ళు కంట్లో రక్తం చేరి చూపు మసకగా ఉండొచ్చు. చుక్కలు పూర్తిగా మానే వీలు అందరికీ ఉండదు. నీరు పోయే మూల మూసుకుపోయే రకానికి వైద్యం వేరు, తరచు లేజరుతో మొదలుపెడతారు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. శుక్లం ఆపరేషన్‌కు వెళ్ళినప్పుడే "నీటికాసులు కూడా ఉన్నాయా, రెండూ ఒకే విడతలో చేయవచ్చా?" అని అడగండి. చిన్నకోత పద్ధతి ఎక్కువగా శుక్లంతో కలిపే చేస్తారు. ఆ అదను దాటితే మళ్ళీ ఇంకో ఆపరేషనే. తిరుపతిలో స్విమ్స్ ఉంది, 2019లో అరవింద్ కంటి ఆసుపత్రీ వచ్చింది. ఏ పద్ధతి ఎక్కడ చేస్తారో, ఎంతవుతుందో ముందే కనుక్కోండి.

నలభై దాటాక, అందులోనూ అమ్మకో నాన్నకో తోబుట్టువులకో ఈ జబ్బుంటే, మనమూ చూపించుకోవాలి. అత్తమామల చుక్కలు వేళకు వేసే మనం, నెలాఖరులో డబ్బు చాలకపోతే మన చుక్కల సీసానే వాయిదా వేస్తాం. పిల్లల ఫీజు మరో వారం ఆగినా ఆగుతుంది గానీ, కంటినరం ఆగదమ్మా. సెలవు.